కోడిగుడ్డు చందమామ

రాత్రి పదకొండున్నర. బ్ర్నోలో మంచు
పడాలా వద్దా అని తటపటాయిస్తోంది.
చివరి ట్రామ్ మా బొమ్మలాట హాలు గోడని
ఒకసారి వణికించి వెళ్లిపోయింది.
నా ముందు నల్లటి తెర.
ఎడమ మూల ఒక చిన్న తెల్లగీత,
ఉన్నాను, లేను, ఉన్నాను, లేను అంటూ.

సాయంత్రం దాకా బాగానే ఉంది.
"నూట పద్నాలుగు అప్‌డేట్లు, చేయమంటారా?" అంది.
అంత మర్యాదగా అడిగితే ఎవడు కాదంటాడు?
ఆట ముందురోజు నడుస్తున్నదాన్ని ముట్టుకోకురా అని
ముప్పై ఏళ్లుగా కుర్రాళ్లకి చెప్పిన నోరే
సరే అనేసింది.

తప్పు గ్రాఫిక్స్ కార్డుదట.
కాదు, డ్రైవర్‌దట. కాదు కాదు, కెర్నెల్‌దట.
పాత డ్రైవర్‌ని కొత్త కెర్నెల్ గడప తొక్కనివ్వదు.
కొత్త డ్రైవరేమో నా పన్నెండేళ్ల కార్డుని చూసి
మీరెవరో గుర్తు రావడం లేదండీ అంటుంది.
పంచాయితీలో గేదె ఎవరిదో తేలలేదు.
పాలు మాత్రం ఆగిపోయాయి.

ఎవర్ని తిట్టను?
ఈ లినక్స్‌ని పట్టుబట్టి పెట్టించింది నేనే.
ఎవడికీ కప్పం కట్టక్కర్లేదు,
మన పెట్టె, మన తాళం అని
లిబూషే ముందు బల్ల గుద్ది చెప్పాను.
ఇప్పుడు తెలుస్తోంది,
తలుపులన్నీ తెరిచే ఉంటాయి ఈ ఇంట్లో,
దీపం మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఒంటిగంటంపావుకి డెస్క్‌టాప్ వచ్చింది.
వచ్చింది గానీ, నాది కాదు.
కింద ఉండే పట్టీ ఎడమవైపు నిలబడింది.
గడియారం నడిమధ్యకి జరిగింది.
తెరమీద నేను పరుచుకున్న బొమ్మలన్నీ
చెత్త అని ఎవరో నిర్ణయించారు,
నా మేలు కోరే.
నేను లేనప్పుడు వచ్చి వంటిల్లు సర్దిపెట్టిన చుట్టంలా
అంతా శుభ్రంగా ఉంది,
ఉప్పు ఎక్కడుందో తెలియదు.

ఇంకోటి వేశాను. అది మరీ తేలిక,
వాల్యూమ్ పెంచే మీట కూడా బరువనుకుంది.
మూడోదాంట్లో సెట్టింగులు
లిబూషే గుండీల డబ్బాలా వెయ్యి రకాలు,
నా చొక్కాకి సరిపోయేది తప్ప.

మూడు దాటాక, పంతం కొద్దీ,
డ్రైవర్ కోడే తెరిచి చదవసాగాను.
అర్థమైంది తక్కువ.
ఒకచోట ఒక వింత సంఖ్య, దాని పక్కన
ఎవరో రాసుకున్న మాట:
"ఇది ఎందుకో నాకు తెలియదు.
తీసేస్తే తెర రాదు. దయచేసి తీయకండి."

చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

పాత పెట్టెల్లో మాకూ దొరుకుతుంటాయి మారియొనెట్లు,
ఏ తాడు లాగితే ఏ మోకాలు లేస్తుందో చెప్పేవాడు లేక.
లాగి చూస్తాం, చెవి ఆనించి వింటాం,
చెయ్యి లేవాల్సిన చోట తల ఊగుతుంది.
కాకపోతే మా బొమ్మ చేసినవాడు చచ్చిపోయాడు.
ఈ కార్డు చేసినవాళ్లు బతికే ఉన్నారు,
చెప్పరు, అంతే.
ఎక్కడో ఒక మనిషి, జీతం లేకుండా,
ఇలాంటి అర్ధరాత్రే దాన్ని తట్టి తట్టి
ఒక్క సంఖ్య కనిపెట్టాడు.
నా తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను.
మిగతా సగం ఉంచుకున్నాను,
వంటిల్లు సర్దినవాళ్ల కోసం.

పొద్దున పదింటికి ఆట.
తెర వచ్చింది, సాగిపోయి, పాత కాలపు కొలతల్లో.
కోట లావెక్కింది, అడవి పొట్టిదైంది,
చందమామ అడ్డంగా పడుకున్న కోడిగుడ్డయింది.
లిబూషే నావైపు చూసిన చూపు
ఇక్కడ రాయను.
మొదటి వరసలో క్విదో అనే బుడతడు లేచి నిలబడి
హాలంతా వినపడేలా అడిగాడు:
"లోపల ఎవరున్నారు?"
రాజుగారి బొమ్మ ఒక్క క్షణం తడబడింది,
లిబూషే గొంతు బొమ్మలోంచి మెల్లగా అంది:
"ష్... ఇంకా పొదగలేదు."

సోమవారం ఆ ఒక్క లైను దొరికింది.
చందమామ గుండ్రబడింది.
ఆ వారమంతా దాని గురించి
ఏ పిల్లాడూ ఏమీ అడగలేదు.

కుడి పై మూల, చేతులు కట్టుకుని, మర్యాదగా,
ఇరవై ఏడు అప్‌డేట్లు నిలబడి ఉన్నాయి.