మూడు నిమిషాలు

సిరిపురంలో ఏసీ హాలు. దేశం పాటను ఎంచే రోజు.
నా చేతికి స్టాప్‌వాచీ ఇచ్చారు,
పోర్టులో ముప్పయ్యేళ్లు ఓడల రాకపోకలు రాసినవాణ్నని.

రూలు ఒక్కటే: పాట మూడు నిమిషాలు దాటకూడదు.
అక్కడెక్కడో, మన పేరు పలకలేని ఊళ్లో,
అందరికీ అంతేనట.

పదకొండో నంబరు వాసుపల్లి నూకరత్నం, జాలరిపేట.
చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చింది.
"ఎంతసేపమ్మా నీ పాట?"
"వల ఒడ్డుకొచ్చీదాకా బాబూ."
జడ్జీలు నవ్వారు. నేనూ నవ్వాను, ఉద్యోగధర్మంగా.

లేని తాడు పట్టుకుని
మడమలు కార్పెట్‌లో తొక్కిపెట్టి
పాట ఎత్తుకుంది.
రెండు యాభై. మూడు.
బెల్లు కొట్టాను.
గొంతు ఆగింది గానీ
సగం లాగిన వలను వదలలేక
చేతులు ఇంకా కాసేపు లాగుతూనే ఉన్నాయి.

గెలిచింది ఎవరో కుర్రాడు. మంచి పాటే,
రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు.
'మట్టి' అన్న మాట తొమ్మిదిసార్లు.
చప్పట్లు కొట్టాను.

మర్నాడు పొద్దున్నే బీచిరోడ్డు కింద
అలివి వల లాగుతున్నారు.
వాచీ నా జేబులోనే ఉండిపోయింది. నొక్కాను.

నలభై ఒక్క నిమిషం.
పాట అయ్యేసరికి
గంపెడు కవళ్లు, నాలుగు పీతలు,
ఎవరిదో ఒంటి చెప్పు.