గీకేసిన పేరు

కొత్త రికార్డు చేతికి రాగానే
మామయ్య ఎలియేసెర్ ముందు చేసే పని
నడుమనున్న లేబుల్‌ని నాణెంతో గీకెయ్యడం.
పాటగాడి పేరు, ఊరు, సంవత్సరం
నీలం పొడిగా చొక్కా మీద రాలేవట,
ఊదేసుకునేవాడట.

బరాంకియాలో అప్పుడు పాటంటే ఆస్తి.
రేవులో దిగిన నావికుడికి రెండు సీసాల రమ్మూ,
ఒకసారైతే చేతి గడియారమూ ఇచ్చి
సముద్రం అవతలి నల్లటి పళ్లేన్ని ఒక్కదాన్ని కొనేవాడు.
పక్క వీధివాడు పేరు చదివాడా,
వచ్చే శనివారానికి వాడి దగ్గరా అదే మోగుతుంది.

శనివారం రాత్రి వీధికి అడ్డంగా మా పికో:
బీరువాలంత స్పీకర్లు, ముందు గుడ్డ మీద
గుర్రుగా చూసే నీటి ఆవు బొమ్మ.
బేసు కొడితే ఎదురింటి గ్లాసులు
వాటంతట అవే బల్ల అంచుకు నడిచొచ్చేవని అమ్మ చెప్తుంది.

నాకు ఆ పెట్టెల బరువు తెలియదు.
నా ఇరవై వేల పాటలు తాళాల గుత్తికి వేలాడుతుంటాయి.
వేలు ఆనిస్తే చాలు, రెండు పాటలు
ఒకదాని అడుగులో ఒకటి అడుగేస్తాయి.
"చెమట పట్టని పని, యుర్లేదిస్," అంటాడు మామయ్య.
నేను మాట్లాడను. పోయిన ఏడాది
ఒక డిస్కు రెండుసార్లు టిక్కుమని
కార్నివాల్ మొత్తాన్ని మింగేసిన సంగతి ఆయనకు చెప్పలేదు.
ఆయనా చెప్పడు,
వానకి వీధి ఏరై ఇంట్లోకొచ్చిన ఏడు
తడిసిన రికార్డుల్ని డాబా మీద ఎండబెట్టి
తొంభైని అప్పడాలు చేసిన సంగతి.

ఈ ఎండాకాలం మిగిలినవన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం.
ఆయన సూది దించుతాడు.
నేను తెర మీద పచ్చగా లేచిపడే గీతలు చూస్తాను.
"ఈ చిటపటలు తీసెయ్యనా?"
"తియ్యి. ఆ మూడోది మాత్రం వద్దు.
దోన్యా ఎమెతేరియా గెంతినప్పుడు పడింది అది.
మనిషి పోయింది."

నూట పన్నెండోది.
తెర అడిగింది: పేరు? పాడినవారు? సంవత్సరం?
"సబ్బులమ్మి," అన్నాడు.
పల్లవి మా చెవులకి 'హబోన్, హబోన్' అని,
సబ్బో సబ్బు అని వినబడి
రెబోలో పేటంతా పెట్టుకున్న పేరు.
అసలు పేరో?
ఆ బోడి నడుముని బొటనవేలితో తడిమాడు.
గీకే ముందు చదివాడో లేదో కూడా గుర్తులేదు.

ఊరికే, ఫోన్ దగ్గరగా పెట్టాను.
నాలుగు సెకన్లు విని చెప్పేసింది.
న్టుంబా కసోలో. కిన్షాసా. డెబ్బై నాలుగు.

నలభై ఏళ్లు పక్క వీధికి చిక్కని పేరు!
గెలిచినదానిలా చూశాను.
ఆయన నా వైపు చూడలేదు.
"కాగితం అనుకున్నాను," అన్నాడు.
"మనిషి."

తర్వాత తెల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి
ఒక్కో అక్షరమూ నన్నడిగి రాశాడు, ఒకటి తప్పుగా.
జిగురు ఆరకముందే మళ్లీ ఎక్కించాడు.
నేను ఫైలుకి 'సబ్బులమ్మి' అని కొట్టి,
కింద ఆయన పేరు కొట్టి,
మళ్లీ మొదట్నుంచి రికార్డు నొక్కాను.

పాట అయిపోయింది.
సూది ఖాళీ గాడిలో గానుగెద్దులా తిరుగుతోంది.
లేచి ఎత్తాల్సింది ఆయనే. లేవలేదు.
దగ్గాడు.
ఆ దగ్గు కూడా ఫైల్లోకి ఎక్కింది.
కత్తిరించలేదు.