ముక్కుపుడక

రాజోలు లాకుల గోడ మీద మొదటిసారి
‘నీలాల రేవు’ అని రాసినప్పుడు
‘రే’కి ఏత్వం బదులు తెరచాప ఎత్తాను.
పక్కనే కనకరత్నం మొహం,
కళ్లూ కొప్పూ ముక్కుపుడకా అన్నీ.

మూడేళ్లకి కాంట్రాక్టరు సత్తిరాజొచ్చి
"జనానికి మొహం మొత్తింది, రంగు మార్చు" అన్నాడు.
నీలం మీద కుంకం రంగు కొట్టాను.
ఆట అదే. పద్యాలవే.
హార్మనీలో పలకని మెట్టూ అదే.

కనకరత్నం మానేసింది.
కొప్పు తీసెయ్యమన్నాడు, తర్వాత కళ్లు.
ఏ పిల్ల వేషం కట్టినా సరిపోవాలట.
తెరచాపా ముక్కుపుడకా మిగిలాయి.
వాటిని చూసే టిక్కెట్లు తెగాయి, చిత్రం!

‘నేడే ఆఖరి ఆట’ అన్నది మాత్రం
ఇరవై రెండేళ్లుగా ఒకే రాత.
దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

ఈ ఏడు అమలాపురం నుంచి ఫ్లెక్సీ దిగింది.
తెరచాప లేదు. పుడక ఉంది, గుమ్మడికాయంత.
ఎవరో కుర్రాడు కంప్యూటర్లో మెరుపు దిద్దాడు.

నిన్నటి వానకి ఫ్లెక్సీకి ఒక చెవి ఊడింది.
వెనక గోడ పెచ్చులేచి
కుంకం కింద నీలం,
నీలం కింద ఎడమ కన్ను.

బచ్చలికూర కట్టతో వస్తూ కనకరత్నం ఆగింది.
"మెల్లకన్ను పెట్టావేం నాకు?"
అప్పుడే చెప్పాల్సింది, అన్నాను.
"ఆఖరి ఆటే కదా అనుకున్నా" అంది.