రెండో నమూనా

ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదని
ఆ ఏడు మేమంతా నమ్మాం.
నమ్మకం కూడా కాదది.
మాస్కులు చాలక పైన కుట్టుకున్న ఇంకో గుడ్డ.

మరుసటి మార్చిలో, ఇకీతోస్ ఆసుపత్రి మూడో వార్డు బయట
నర్సు నెలిదా తపుయీమా
కాఫీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు అలాగే నిలబడింది.
"మళ్లీ నీళ్ల వాసనే" అంది.
నీళ్లకు వాసనేమిటని అడగబోయి
ఊరుకున్నాను.

ఆ పూటే ఒక పడవవాణ్ణి మోసుకొచ్చారు.
జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్లు.
కాగితం మీద జబ్బు పేరు
మనిషికంటే ముందొచ్చి కూర్చుంది.
ఆ రోజుల్లో జ్వరాలన్నిటికీ
అదొక్కటే ఇంటిపేరు.

రెండు మాస్కుల వెనక వణుకుతూనే
నెలిదా వంగి అతని పిక్క నొక్కింది.
కెవ్వుమన్నాడు.
"ఊపిరితిత్తుల జబ్బుకి పిక్కలెందుకయ్యా?
ఏరు మీ గచ్చు కిందికొచ్చిందా?
ఎలుకలు పైకెక్కాయా?"
ఎక్కాయట. బియ్యంలో, వలల్లో, పిల్ల ఉయ్యాల్లో.
ఎలుక జ్వరం.
పెన్సిలిన్ ఎక్కడం మొదలయ్యాక
ఆమె గోడ పట్టుకుని నడిచివెళ్లి
ఒక ఖాళీ మంచం తనకోసం తనే పరుచుకుంది.

నాది ల్యాబులో పని.
ఆమె నమూనా లీమాకి పంపాను.
మొదటిది కూడా పంపమన్నారు.
రెండూ పక్కపక్కన పెడితేనే కదా
పాతది నిద్ర లేచిందో
కొత్తది గుమ్మం తొక్కిందో తేలేది.

మొదటిది మా ఫ్రీజరులో ఉండేది.
జూన్‌లో మూడు రోజులు కరెంటు పోయింది.
తలుపు తీస్తే గొట్టాలన్నీ చెమటపట్టి ఉన్నాయి.
ఆమె పేరు
నా బొటనవేలికి అంటుకుని వచ్చింది.

అందుకే రిజిస్టరులో ఆమె రెండో జబ్బు
"కావచ్చు" అనే గడిలో ఉంది.
పదకొండు రోజుల ఆక్సిజన్, కావచ్చు.
ఆ వారమే పోయిన వార్డుబాయి హెర్మోహెనెస్
(అతనికీ రెండోసారే) కావచ్చు.

మే నెలలో పడవవాడు వచ్చాడు,
ఆకులో చుట్టిన చేపతో.
ఆమె విప్పి, అలవాటుకొద్దీ ముక్కు దాకా తెచ్చుకుని
ఆగింది.
"ఏం వాసనొస్తోంది?"
"ఏటి వాసనే, అమ్మా."
"ఏ ఏటిది? ఇతాయాదా, నానాయ్‌దా?"

అతను ఆలోచనలో పడ్డాడు.
ఆమె పెన్ను మూత తీసి
ఎదురుచూస్తోంది.