పిల్లి పోయే తొవ్వ

జూలై పడ్డదంటే అల్ ఐన్ల
ఇనుప గేటు ముట్టుకోరాదు.
అప్పుడు మొదలైతది మజ్లిస్ల ముచ్చట:
సలాలా విల్లాకు ఈసారి ఎట్ల పోదాం?

బాబా విమానమంటడు,
కండ్లు మూసి తెరిచేటాలకు వాన.
సైఫ్ కారంటడు,
ఎడారిల దోస్తులతోని పోటీ పెట్టుడే వాని పానం.
ముసలమ్మ అదీ వద్దంటది, ఇదీ వద్దంటది,
మోకాళ్ళు చూపిస్తది,
ఒంటెల మీద ఎన్ని రోజులు పోయిండ్రో
ఎవ్వలూ అడగని లెక్క చెప్తది.
హెస్సా ఫోన్ల టికెట్ల ధరలు చదువుతది,
అందరికీ కిటికీ సీటే కావాలె.

నేను గహ్వా పోస్త తిరుగుత.
కప్పు ఊపినోళ్ళకు చాలని,
ఊపనోళ్ళకు మళ్ళ.

మూడు రాత్రులు నడిచింది పంచాయితి.
ఆఖరికి విమానమే.
అప్పుడు యాదికొచ్చింది పిల్లి.

మిష్మిష్ దాని పేరు, అంటే ఖుబానీ పండు,
రంగు గూడ గదే.
పోయినేడు విమానంల ఒర్రి ఒర్రి
పానం మీదికి తెచ్చుకున్నదట.
పిల్లి ఎక్కది. ముసలమ్మ పరుపు ఎక్కది.
ఇత్తడి దల్లా, ఊదు పెట్టె, రెండు బస్తాల బియ్యం...
"బూమీ తీస్కపోతడు" అన్నడు బాబా.
భూమేశ్ అనెటందుకు
ఈ ఇంట్ల ఎవ్వలకూ నోరు తిరగదు.

రాత్రి అల్మారా తీసి
నా పాస్‌పోర్ట్ నా చేతిల పెట్టిండు.
ఏడాదిన్నర తర్వాత.
ఫోటోల నా మీసం ఇంక నల్లగనే ఉన్నది.
అంగీ జేబుల పెట్టుకున్న,
సిగ్నల్ పడ్డ కాడల్లా తడిమి చూస్కున్న.

మెజ్యద్ బార్డర్ల పోలీసు అడిగిండు:
ఎటు?
సలాలా.
ఎందుకు?
వెనక సీట్ల పిల్లి మ్యావన్నది.
"సెలవులకు" అన్న.
ముద్ర గట్టిగనే పడ్డది.

ఇబ్రీ. ఆదం. హైమా.
హైమా దాటినంక తొవ్వ
మా సిరిసిల్ల సాంచె మీది పోగు లెక్క,
తెగదు, ముడి లేదు, అవుతల కొస కానరాదు.
ఎప్పుడో ఒక ఒంటె, దాని నీడ దాని కిందనే.
ఏసీ పిల్లి దిక్కు తిప్పిన.
నిద్ర రావద్దని పాటందుకున్న,
మిష్మిష్ చెవులు వెనక్కి పెట్టింది, ఆపిన.
బంకు కాడ నాకు పరోటా, దానికి ట్యూనా డబ్బా.
బిల్లుల దానిదే ఎక్కువ.

తుమ్రైత్ దాటి గుట్ట దిగుతుంటె
ఒక్క మలుపు.
గంతే. ఎడారి అయిపోయింది.
మంచు, పచ్చగడ్డి, తడిసిన ఆవులు,
అద్దం మీద సన్న తుంపర.
వైపర్ మీట ఎటున్నదో దేవులాడిన,
దాంతోని పనే పడలేదు ఇన్నొద్దులు.
కారు పక్కకాపి చెయ్యి బయట పెట్టిన.
చానసేపు లోపలికి తీస్కోలే.

విల్లా తాళం నా కాడనే.
వాళ్ళ విమానం రేపు పగటీలి.
అంటే నడుమ ఒక రాత్రి.

కిటికీలన్నీ తీసిన.
బియ్యం వంటింట్ల, ఊదు నడిమింట్ల,
పరుపు మోస్కపోయి మీది గదిల పరిచిన.
మంచిగున్నదా లేదా చూడాలె గద,
ఒక్క నిమిషం ఒరిగిన.
కడుపు మీద పిల్లి, కప్పు మీద వాన.
లేచేసరికి తెల్లారింది.

వాళ్ళొచ్చిండ్రు. మూడు గంటలు లేటు,
ఒక పెట్టె ఎక్కడనో తప్పిపోయింది,
సైఫ్ ఎవ్వలతోని మాట్లాడుత లేడు.
ముసలమ్మ పరుపు మీద చెయ్యేసి
ఒక వెంట్రుక తీసింది.
"ఎవలు పండిండ్రు?"
"పిల్లి" అన్న.
వెలుగుకు పట్టి చూసింది. నెరిసిన వెంట్రుక.
ఆమె జుట్టు గోరింటాకు ఎరుపు.
నా దిక్కు చూసి
ఉఫ్ అని ఊదేసింది.

వచ్చే జూలైకి మళ్ళ కూసుంటది మజ్లిస్.
నేను గహ్వా పోస్త, నోరిప్ప.
వేములాడ రాజన్నా, కోడెను కడత.
ఆ పిల్లికి
విమానం భయం పోనియ్యకు.