దొరకలేదు

నవంబరు చివర వర్దో రేవులో
సూర్యుడు సెలవుచీటీ అయినా రాయకుండా వెళ్ళిపోతాడు.
పట్టపగలు పన్నెండింటికి దీపం వేసుకుని
కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
పాతది ఉప్పుగాలికి లోలోపల తుప్పుపట్టి
మంగళవారం ఒక్క కూత కూసి ఊరుకుంది.

ఆటుపోట్ల లెక్క గట్టే ప్రోగ్రాం టోర్లైఫ్ రాసింది,
నేనింకా బడికి వెళ్ళే రోజుల్లో.
పాత డిస్కంతా తవ్వి తెచ్చి కొత్త ఇంట్లో సర్దాను.
పేరు కొట్టి ఎంటర్ నొక్కాను.
గడప దాటలేదు అది.
ఫలానా లైబ్రరీ, మూడో నంబరుది,
తెరవలేకపోయాను, అలాంటి ఫైలు లేదు
అని అలకపాన్పు ఎక్కి కూర్చుంది.

ఎల్‌డీడీ అని అడిగితే చిట్టా విప్పింది.
ఎవరెవరి దగ్గర ఏమేం అరువు తెచ్చుకుని బతుకుతోందో
అంతా వరసగా:
గణితం ఒకరిది, గడియారం ఒకరిది,
అక్షరాలు తెరమీద పరిచే పని మరొకరిది.
ఇంత గర్వమూ పోయి,
సొంతంగా కూడటం కూడా రాదన్నమాట దీనికి.
ప్రతి పేరు పక్కనా బాణం, బాణం కొసన చిరునామా.
పదకొండు పేర్లకు పదకొండు ఇళ్ళు.
పన్నెండో బాణం గాల్లో ఆగింది.
దొరకలేదు.

బయట గున్‌వోర్ పడవ ఇంజను వేడెక్కిస్తోంది.
గ్లవ్ తొడిగిన చేత్తో కిటికీ మీద కొట్టి
"ఎప్పుడు?" అంది.
"ఇదిగో" అన్నాను.

ఇదిగో అన్నందుకు ఒక మోసం చేశాను.
కొత్త మెషీన్లో నాలుగో నంబరు లైబ్రరీ ఉంది.
తమ్ముణ్ణి తీసుకొచ్చి అన్న పేరుతో నిలబెట్టాను.
ఒక లింకు, ఒక్క వరస.
ప్రోగ్రాం నమ్మింది. నడిచింది.
అంకెలు జలజలా రాలాయి.
గట్టు నిచ్చెనకు కింది నుంచి ఆరో మెట్టు
ఇప్పుడు నీళ్ళలో మునిగి ఉందంది.

కిటికీ తుడిచి చూశాను.
మూడో మెట్టు మీద నాచు, నాచు మీద మంచు,
నీళ్ళు ఇంకా ఎక్కడో అడుగున.
తప్పు చెప్పేటప్పుడు దాని గొంతు వణకలేదు.
ఇందాక లేదని మొరాయించినప్పుడే నయం.
గున్‌వోర్ ఈ అంకె పట్టుకుని కదిలి ఉంటే
పడవ కడుపు రాతిని గీరేది.
లింకు చెరిపేశాను.

టోర్లైఫ్‌కి ఫోన్ చేశాను.
ట్రోమ్సోలో పడవలకు రంగులేస్తున్నాడు ఇప్పుడు.
"రూట్ పాస్‌వర్డు నాకెవడిచ్చాడు?" అన్నాడు ముందుగా.
ఇరవయ్యేళ్ళ నాటి కోపం, ఇంకా తడి ఆరలేదు.
"అందుకే సిస్టమ్ వాకిట్లో పెట్టలేదు,
నా ఫోల్డర్లో దాచుకున్నా.
లాగిన్ అయినప్పుడల్లా
ఎక్కడ వెతకాలో దాని చెవిలో వేసే వాక్యం ఒకటి రాసుకున్నా.
నువ్వు నా పేరుతో లాగిన్ అవవు కదా."

చంకలో పిల్లను పెట్టుకుని
ఊరంతా చాటింపు వేయించానన్నమాట.
నేను మోసుకొచ్చిన డిస్కులోనే,
అతని చేపల ఫోటోల పక్కన,
మూడో నంబరు బుద్ధిగా కూర్చుని ఉంది.
వెతికే చూపు అటు తిరగలేదు, అంతే.

ఆ చిరునామా ఒక చిన్న ఫైల్లో రాశాను.
ఎల్‌డీకాన్ఫిగ్ అన్నాను.
మళ్ళీ చిట్టా విప్పమంటే
పన్నెండో బాణం కొసన ఇల్లు లేచింది.

"ఏమంటోంది?" ఫోన్లోంచి.
"పోటు నాలుగూ పదిహేడుకి."
కాసేపు కుంచె కడుగుతున్న చప్పుడే.
"ఏడు నిమిషాలు కలుపు.
గట్టు పొడిగించాక అలా అయింది.
ఎప్పటికప్పుడు దిద్దుదాం అనుకుంటూనే ఉన్నా."

చిట్టా పై నుంచి కింది దాకా మళ్ళీ చదివాను.
పన్నెండు పేర్లు, పన్నెండు ఇళ్ళు.
ఏడు నిమిషాల ఊసు ఎక్కడా లేదు.

చేపల వేలం రసీదు వెనక పెన్సిల్‌తో రాసి
మానిటర్ అంచుకి టేపుతో అంటించాను.
కిటికీ తెరిచి, చలి మొహాన కొడుతుంటే,
గున్‌వోర్‌కి వినబడేలా అరిచాను:
నాలుగూ ఇరవైనాలుగు.