రెండో సిలిండర్

అదనంగా అరవై రియాళ్లు, ఇల్లు ఉచితం
అని సర్క్యులర్ అంటిస్తే
రువీలో మా నర్సులంతా ఒకటే నవ్వు:
"హైమాకా? అక్కడ ఈగలు కూడా సెలవు పెట్టి పోతాయటే!"

అప్పు లెక్క చూసుకుని సంతకం పెట్టాను.
ధైర్యం అనకండి దాన్ని.

ఇక్కడ డయాలసిస్ మిషన్లు మూడు.
అవి రాకముందు షమ్సా అవ్వ
వారానికి మూడుసార్లు నిజ్వా వెళ్లొచ్చేదట,
రానూపోనూ ఏడు గంటలు
పికప్ బండి వెనక పడుకుని.

సూది గుచ్చుతుంటే నా మొహం చూడదు,
గోడమీది క్యాలెండర్ చూస్తుంది.
"నీకు ముందు ఆరుగురొచ్చారు. నువ్వెన్నాళ్లు?"

అరబ్బీలో నాకు అంకెలొచ్చు,
మాటివ్వడం రాదు.

ఆ సాయంత్రం బంకు పక్క కొట్లో
రెండో గ్యాస్ సిలిండర్ కొన్నాను.
మోసుకొచ్చిన కుర్రాడు ఆమె మనవడే.

శనివారం అవ్వ
క్యాలెండర్ వైపు చూడలేదు.